రొట్టెల మూటతో సముద్రం దాటిన ఇల్లాలు

ఇప్పటి యుక్రెయిన్, అప్పటి దక్షిణ రష్యా. మొలోచ్నా నది పొడవునా ఉన్న, జర్మన్ భాష మాట్లాడే మెన్నొనైట్లు అనే క్రైస్తవ శాఖవాళ్ల ఊళ్లలో 1874 వేసవి అంతా ప్రయాణపు హడావుడే. మగవాళ్లు పొలాలు బేరం పెట్టారు, పాస్‌పోర్టుల కోసం కచేరీల చుట్టూ తిరిగారు. ఆడవాళ్లు పొయ్యిల ముందు నిలబడి రొట్టెలు ఎండబెట్టారు.

ఆ రొట్టె పేరు జ్వైబాక్. పాలు, వెన్న లేదా పందికొవ్వు కలిపి పులియబెట్టిన గోధుమపిండితో చేస్తారు. పిండిముద్దను పిడికిట్లో పట్టుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి ఒక ఉండ పైకి ఉబికేలా నొక్కి తుంచుతారు. దాని నెత్తిన ఇంకాస్త చిన్న ఉండను కూర్చోబెట్టి, వేలిని కింది ఉండ దాకా దిగేలా గట్టిగా అదుముతారు. ఆ అదుము సరిగా పడకపోతే పొయ్యిలో పై ఉండ పక్కకు ఒరిగిపోతుంది. మామూలు వారాల్లో శనివారం కాల్చి ఆదివారం తినేవారు. దూర ప్రయాణమైతే అవే రొట్టెలను సన్నని సెగ మీద మళ్లీ కాల్చి, చెమ్మ అన్నది లేకుండా చేసి, సంచులకు ఎత్తేవారు. అలా ఎండినవి నెలల తరబడి బూజు పట్టవు. కాఫీలోనో వేడినీళ్లలోనో ముంచితే మెత్తబడి, పళ్లు రాని పిల్లకూ పళ్లు ఊడిన ముసలమ్మకూ తిండి అవుతాయి.

మెన్నొనైట్ల వలస మీద వచ్చిన చరిత్రల్లో చాలావాటిలో రాయబారాలు, భూమి ఒప్పందాలు, సైనిక సేవ నుంచి మినహాయింపులు వివరంగా కనిపిస్తాయి. రొట్టెల సంచి గురించి ఒక వాక్యం ఉంటే గొప్ప. ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించింది మగవాళ్లే, కాదనడానికి లేదు. కానీ ఆ నిర్ణయం ఒక కొంపగా, కొట్టంగా, కుటుంబంగా నిలబడింది ఆడవాళ్ల రెక్కల కష్టం మీద. ఇంకో విచిత్రం కూడా ఉంది. చర్చి సంఘంలో నోరెత్తే హక్కు లేని ఆ ఇల్లాలికి ఆస్తిలో మాత్రం సగం వాటా ఉండేది. ఈ రెండూ ఒకే మనిషి బతుకులో ఎలా ఇమిడాయో చూస్తే తప్ప ఆ వలస పూర్తిగా అర్థం కాదు.

మెన్నొనైట్లంటే గుర్రపు బగ్గీల్లో తిరిగే ఆమిష్‌లని చాలామంది అనుకుంటారు. రెండూ ఒకే మూలం నుంచి వచ్చిన పాయలే కానీ ఒకటి కాదు. 16వ శతాబ్దంలో పసిపిల్లల బాప్తిస్మం చెల్లదనీ, పెద్దయ్యాక తెలిసి తీసుకున్నదే బాప్తిస్మమనీ, కత్తి పట్టడం క్రీస్తు మార్గం కాదనీ పట్టుబట్టినవాళ్లు వీళ్లు. డచ్ ప్రాంతానికి చెందిన మెన్నో సైమన్స్ పేరు మీద ఆ పేరు వచ్చింది. అక్కడ తరిమితే ఇప్పటి పోలండ్‌లోని విస్తులా నది ముఖద్వారానికి వెళ్లి చిత్తడి నేలలు ఎండగట్టి సాగు చేశారు. విదేశీ రైతులు రావచ్చని రష్యా రాణి రెండో క్యాథరిన్ 1763లో ప్రకటన ఇచ్చాక, 1789లో నీపర్ నది ఒడ్డున ఖోర్టిట్సా, 1804లో మొలోచ్నా వలసలు వెలిశాయి. కుటుంబానికి 65 దెస్యాతిన్లు, అంటే దాదాపు 175 ఎకరాలు. సైన్యంలో చేరక్కర్లేదన్న హామీ ఇచ్చారు. బడి, సంఘం వాళ్లకే వదిలేశారు.

వందేళ్లలో ఆ ఊళ్లు కలిగిన ఊళ్లయ్యాయి. అయితే ఆ కలిమిలో అందరికీ వాటా లేదు. ఇంట్లో, పొలంలో యుక్రేనియన్, రష్యన్ పేద రైతుల ఆడపిల్లలు కూలికి ఉండేవారు. మెన్నొనైట్ వంటిల్లు అని ఇవాళ మురిసిపోయే వంటల్లో సగం ఆ పనివాళ్ల చేతి నుంచి, ఆ నేల నుంచి వచ్చినవే. బోర్ష్ట్ అనే క్యాబేజీ పులుసు, పాలవిరుగుడు కూరి ఉడికించే వెరెనికి, ఎండాకాలం పుచ్చకాయతో నంజుకునే రోల్‌కూకెన్ అనే వేయించిన పిండివంట అలాంటివే. ఈ ఇల్లాలి కష్టం చెప్పేటప్పుడు ఆ పనిపిల్లల కష్టం వదిలేస్తే అన్యాయమే.

1870లలో జార్ ప్రభుత్వం సైనిక సంస్కరణలు మొదలుపెట్టింది. అందరికీ నిర్బంధ సైనిక సేవ అనే చట్టం 1874లో వచ్చింది. ముందే పసిగట్టిన సంఘాలు 1873లో 12 మంది ప్రతినిధులను ఉత్తర అమెరికాకు పంపాయి. పన్నెండు మందీ మగవాళ్లే. వాళ్లు నేల తవ్వి మట్టి చూశారు, నీటి లోతు అడిగారు, రైల్వే కంపెనీలతో ధర మాట్లాడారు. తర్వాతి పదేళ్లలో 17,000 మందికి పైగా కదిలారు. సుమారు 10,000 మంది అమెరికాలోని కాన్సస్, నెబ్రాస్కా, మిన్నెసోటా, డకోటా వైపు, 7,000 మంది పైచిలుకు కెనడాలోని మానిటోబా వైపు. చూలాళ్లకు, పాలిచ్చే తల్లులకు, ముసలివాళ్లకు దారిలో ఏమి కావాలన్నది ఇళ్లలోనే తేలాల్సిన సంగతి. ఆ బాధ్యత రొట్టెల సంచితో మొదలైంది.

మానిటోబా దారి చాలా పొడవు. రైల్లో హాంబర్గ్, అక్కడి నుంచి ఇంగ్లండ్‌లోని హల్, మళ్లీ రైల్లో లివర్‌పూల్, అట్లాంటిక్ దాటి క్విబెక్, పెద్ద సరస్సుల మీదుగా డులూత్, చివరికి రెడ్ నదిలో ఆవిరి పడవ. మొదటి గుంపు 1874 ఆగస్టు 1న రెడ్ నదిలో ర్యాట్ నది కలిసే చోట దిగింది. ఓడల్లో కాన్పులు అయ్యాయి, పిల్లలు చనిపోయారు. సముద్రంలో వదిలిన బిడ్డకు సమాధి ఉండదు. ఒక ఊరి గుర్తు కూడా ఉండదు. ఆ కాలపు డైరీల్లో ఇలాంటి చావులు తేదీ, పేరు, వయసు అని ఒక గీతలో ముగుస్తాయి. ఏడుపు రాసే అలవాటు ఆ జనానికి లేదు. ఆ ఒక్క గీతను చదివేవాళ్లు అక్కడ కాసేపు ఆగాలి.

దిగిన చోట చెట్టు లేదు, ఇల్లు లేదు. కనుచూపుమేర గడ్డి. ఆ గడ్డి నేల ఎవరికీ చెందని ఖాళీ నేల కాదు. కెనడా ప్రభుత్వం 1871లో అక్కడి ఆదివాసులతో మొదటి ఒడంబడిక చేసుకుంది. ఆ నేల మీద ఆదివాసి, యూరోపియన్ మిశ్రమ సంతతివారైన మెటీ ప్రజలు వేటాడి, బండ్లు తోలి బతుకుతుండగానే కొత్తవారికి కేటాయింపులు మొదలయ్యాయి. వలస వచ్చిన తల్లి ఆ సంగతి ఎరగకపోవచ్చు. ఆమెకు తెలిసిందల్లా చలి వచ్చేలోగా తల దాచుకోవడానికి ఏదో ఒకటి లేవాలని.

లేచింది సెమ్లిన్. నేలను నడుములోతు తవ్వి, పైన దుంగలు పరిచి, గడ్డి వేళ్లతో సహా పెళ్లగించిన మట్టిపెళ్లలు కప్పిన గుంట ఇల్లు. ఒక కొసన మనుషులు, ఇంకో కొసన పశువులు. వాన పడితే కప్పు కారడం ఆగదు. మంచు పడితే తలుపు పూడిపోతుంది. 1874 నాటి మొదటి శీతాకాలాన్ని చాలా కుటుంబాలు అలా గడిపాయి. మరుసటి ఏడాది వేసిన కొద్దిపాటి పంటను మిడతలు తినేశాయి. ఒంటారియోలో ముందే స్థిరపడిన మెన్నొనైట్ల పూచీ మీద కెనడా ప్రభుత్వం దాదాపు లక్ష డాలర్ల అప్పు ఇచ్చింది. దాన్ని వాళ్లు రొట్టె అప్పు అని పిలుచుకున్నారు. పిండి కోసం చేసిన అప్పు కాబట్టి ఆ పేరు సరిపోయింది.

కట్టెలు లేని దేశంలో పొయ్యి ఎలా మండుతుంది? ఇక్కడ తెలుగు పాఠకులకు విడమర్చి చెప్పాల్సిన పని లేదు. పేడ. అయితే వాళ్లు చేసింది గోడకు చరిచే పిడక కాదు. శీతాకాలమంతా కొట్టంలోంచి తీసిన పేడను, కింద పరిచిన గడ్డితో సహా దొడ్లో కుప్ప పోసేవారు. మంచు కరిగాక దాన్ని అడుగు మందాన పరిచి, నీళ్లు చల్లి, గుర్రాలతో తొక్కించేవారు. మన దగ్గర గోడమట్టి తొక్కించినట్టే. కాస్త గట్టిపడ్డాక పారతో ఇటుకల్లా కోసి, ఎండలో తిరగేసి తిరగేసి ఆరబెట్టి, గాలి ఆడేలా పేర్చేవారు. తిరగేయడం, పేర్చడం ఆడవాళ్లు, పిల్లల పని. ఆ ఇటుక నిదానంగా మండుతుంది, సెగ నిలుస్తుంది. ఇంటి నడుమ కట్టిన పెద్ద ఇటుక పొయ్యికి అదే ఆహారం. పొయ్యి గోడలు అన్ని గదులనూ తాకేలా కట్టేవారు కాబట్టి ఒక్క నిప్పుతో వంట, రొట్టె, వెచ్చదనం మూడూ అయ్యేవి. కాన్సస్‌లో అదే పొయ్యిని ఎండుగడ్డి చుట్టలతో మండించేవారు. బొగ్గుకు, కట్టెకు డబ్బు పోసే చుట్టుపక్కల అమెరికన్లు దాన్ని చూసి మెచ్చుకున్నారు. ఆ మెప్పు పొయ్యి కట్టే పరిజ్ఞానానికి వచ్చింది. రోజూ ఇన్ని చుట్టలు అందిస్తూ, బూడిద ఎత్తుతూ, నిప్పు ఆరకుండా కాచినవాళ్ల ఊసు ఆ మెప్పులో కనిపించదు.

నాలుగు రాళ్లు చేరాక సెమ్లిన్ పోయి, ఇల్లూ కొట్టమూ ఒకే కప్పు కింద కలిసిన పొడవాటి కట్టడం వచ్చింది. దాన్ని చూసి ఇంగ్లిషువాళ్లు మురికి అన్నారు. మైనస్ ముప్పై డిగ్రీల చలిలో, చేయి చాస్తే వేళ్లు కనపడని మంచు తుపానులో పాలు పితకడానికి వెళ్లాల్సిన మనిషి వైపు నుంచి చూస్తే అది మహా తెలివైన ఏర్పాటు. వంటింట్లోంచి తలుపు తీస్తే ఆవు ముందు ఉంటుంది.

ఆవు, కోడి, పెరడు ఈమె రాజ్యం. గోధుమ అమ్మకం ఏడాదికొకసారి, అదీ మగవాడి చేతి మీదుగా. వెన్న, గుడ్లు వారం వారం. దుకాణంలో చక్కెర, కాఫీగింజలు, బట్ట, సూది, దీపపు నూనె ఆ వెన్న లెక్కలో వచ్చేవి. పంట పోయిన ఏడు పిల్లలు పస్తులు ఉండకుండా కాచింది ఎక్కువ చోట్ల ఈ చిన్న లెక్కే. రైతు కుటుంబం అంటే గోధుమ చేను అని రాసే అలవాటు వల్ల వెన్న కుండ పక్కకు పోయింది. తెలుగు పల్లెలో పాడి మీద సంసారం ఈదిన ఏ తల్లికైనా ఈ లెక్క ఒక్క ముక్కలో అర్థమవుతుంది.

చలికాలం మొదట్లో పంది కోత. తెల్లవారక ముందే చుట్టాలు, ఇరుగుపొరుగు వచ్చేస్తారు. కోయడం, తూకం మగవాళ్లది. పేగులు కడిగి, గీకి, సాసేజ్ తొడుగులుగా సిద్ధం చేయడం ఆడవాళ్లది. పెద్ద కాగులో కొవ్వు కరిగిస్తే అడుగున మిగిలే గరుకుముక్కలు మర్నాడు ఉదయం తిండి. కరిగిన కొవ్వు ఏడాదికి సరిపడా వంటనూనె. పనికిరాని కొవ్వు సబ్బు అవుతుంది. రేపు నీ ఇంట్లో, ఎల్లుండి నా ఇంట్లో అని బదులు పని. ఆ రోజున ఆడవాళ్లు ఒకచోట చేరి మాట్లాడుకునే మాటలే వాళ్లకు వార్తాపత్రిక. ఎవరు నీళ్లోసుకున్నారు, ఎవరికి సంబంధం కుదిరింది, ఎవరింట్లో మగవాడు తాగుతున్నాడు అన్నీ అక్కడే తెలిసేవి.

అందుకే ఊరు ఉండటమా, చెదిరిపోవటమా అన్నది ఆమెకు చాలా పెద్ద విషయం. మానిటోబాలో వాళ్లు రష్యా పద్ధతిలోనే ఒక వీధికి రెండు వైపులా ఇళ్లు కట్టుకుని, పొలాలను పట్టీలుగా పంచుకున్నారు. ఎవరి 160 ఎకరాల్లో వాళ్లు ఇల్లు కట్టుకోవాలన్నది కొత్తవాళ్లకు భూమి ఇచ్చే అక్కడి హోమ్‌స్టెడ్ చట్టం. ఊరుగా ఉండటానికి వీళ్లకు ప్రత్యేకంగా వీలు దొరికింది. కాన్సస్‌లో గ్నాడెనౌ లాంటి ఊళ్లు మొదట అలాగే వెలిసినా ఎక్కువ కాలం నిలవలేదు. మగవాడికి ఎవరి పొలంలో వాళ్లు ఉండటం సౌకర్యం. ఆడమనిషికి అది నొప్పులు వచ్చిన రాత్రి కేక వేస్తే వినే పొరుగింటిని పోగొట్టుకోవడం. ఊరు చెదరడం గురించి రాసిన ఆర్థిక విశ్లేషణల్లో ఈ కోణం చాలా అరుదు. అది ఉండి తీరాలి.

ఎనిమిది, పది కాన్పులు మామూలు. డాక్టరు దూరం, ఖర్చు కూడా. మంత్రసానులే దిక్కు. వాళ్లలో కొందరు విరిగిన ఎముకలూ కట్టేవారు, శవాలకు స్నానమూ చేయించేవారు. పుట్టుకకూ చావుకూ ఒకే మనిషి చేతులు. బిడ్డ పోతే తర్వాత పుట్టిన బిడ్డకు అదే పేరు పెట్టడం ఆనవాయితీ. వంశవృక్షాల్లో ఒకే తల్లికి ముగ్గురు కత్రీనాలు కనిపిస్తే మొదటి ఇద్దరూ దక్కలేదని అర్థం.

ఇంత కష్టంలో ఆమెకు దన్నుగా ఒక కట్టుబాటు ఉండేది. విస్తులా తీరం నుంచి రష్యాకు, అక్కడి నుంచి మానిటోబాకు వాళ్లు మోసుకొచ్చిన వారసత్వ నియమం అది. భార్యాభర్తలిద్దరూ ఆస్తికి సమాన హక్కుదారులు. భర్త చనిపోతే సగం భార్యది. మిగతా సగం పిల్లలందరికీ సమానం, కొడుకని ఎక్కువ లేదు, కూతురని తక్కువ లేదు. భార్య చనిపోయినా ఇదే లెక్క, ఆమె సగంలో పిల్లలకు హక్కు పుడుతుంది. దీన్ని అమలు చేయడానికి వైజెనామ్ట్ అనే అనాథల కార్యాలయం ఉండేది. పేరులో అనాథలున్నా నిజానికి అది వితంతువుల, మైనర్ల ఆస్తి కాపాడే సంఘపు ఖజానా. ఎవరైనా చనిపోతే పిల్లల తరఫున సంరక్షకులను నియమించి, ఆస్తి వెలకట్టి, వాటాలు చిట్టాకు ఎక్కించేవారు. బతికున్న భర్తో భార్యో మళ్లీ పెళ్లి చేసుకోవాలంటే ముందు ఈ పంపకం తేలాలి.

19వ శతాబ్దంలో ఇంగ్లిషు చట్టం నడిచిన చోట్ల పెళ్లయిన స్త్రీకి సొంత ఆస్తి దక్కడమే కష్టంగా ఉన్న రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. దీని ఫలితం ఊరి రూపంలోనే కనిపించింది. కూతురికి కూడా పొలం వస్తుంది కాబట్టి కొత్త జంట భార్య పుట్టింటి ఊళ్లో స్థిరపడటం తరచుగా జరిగేది. అమ్మ దగ్గరలో ఉంటే కాన్పుకు, పిల్లల పెంపకానికి, పంది కోతకు ఆసరా. వితంతువు చేతిలో సగం పొలం ఉంటే ఆమె ఎవరి పంచనా పడి ఉండక్కర్లేదు. అయితే పొలం ఉండి దున్నే చేయి లేకపోతే బతుకు గడవదు కాబట్టి వితంతువులూ, భార్య పోయిన మగవాళ్లూ నెలల్లోనే మళ్లీ పెళ్లాడేవారు. నీ పిల్లలు, నా పిల్లలు, మన పిల్లలు కలిసి పదిహేను మంది ఒక పొయ్యి చుట్టూ చేరిన ఇళ్లు ఎన్నో. ఆ ఇంట్లో సవతి తల్లిగా అడుగుపెట్టిన పాతికేళ్ల మనిషిని ఊహించుకుంటే, ఆస్తిలో సగం అన్న మాట ఎంత బరువైన సగమో తెలుస్తుంది.

ఈ హక్కు సంఘంలోకి రాలేదు. బాప్తిస్మం ఆమె తన నోటితో ఒప్పుకుని తీసుకున్నదే, పెళ్లికి ముందు మగవాడితో సమానంగా నిలబడి విశ్వాసం చెప్పినదే. ఆ తర్వాత సంఘ సభలో ఓటు లేదు. ఆ సభ పేరే సహోదరుల సభ. గుడిలో ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు. బోధ మగవాడిది. భాషలోనూ ఈ గీత ఉంది. ఇంట్లో మాట్లాడేది ప్లాట్‌డీచ్ అనే నేలబారు జర్మన్ యాస. బైబిలు, ప్రసంగం, బడి, సంఘపు చిట్టా అంతా ప్రామాణిక జర్మన్. జోలపాట, తిట్టు, వంట, ముద్దు ఆమె భాషలో సాగాయి. రాతకెక్కినదంతా ఇంకో భాషలో నడిచింది. ఆమె గొంతు దస్తావేజుల్లో తక్కువగా వినిపించడానికి ఇదొక కారణం.

కెనడాలో ఇంగ్లిషు బడి తప్పనిసరి చేసే చట్టం 1916లో మానిటోబాలో వచ్చాక, 1922 నుంచి సంప్రదాయ సంఘాలవాళ్లు వేల సంఖ్యలో మెక్సికోలోని చివావా వైపు కదిలారు. మళ్లీ గడ్డినేల, మళ్లీ మొదటి నుంచి మట్టిల్లు. అదే సమయంలో రష్యా నుంచి ఇంకో అల కెనడాకు వచ్చింది. ఆ అలలో వచ్చిన తల్లి కథ 1874 నాటి తల్లి కథ లాంటిది కాదు.

రష్యా విప్లవం తర్వాతి అంతర్యుద్ధంలో, ముఖ్యంగా 1919లో, అరాచకవాది నెస్టర్ మఖ్నో దళాలు ఆ ఊళ్ల మీద పడ్డాయి. మగవాళ్లను వరసగా చంపిన ఊళ్లున్నాయి. ఆడవాళ్ల మీద అత్యాచారాలు జరిగాయి. వాటి గురించి సంఘం దశాబ్దాల పాటు నోరు విప్పలేదు. ఆ దళాలు తెచ్చిన టైఫస్ జ్వరం ఇళ్లకు ఇళ్లను ఊడ్చింది. 1921-22లో కరువు. అమెరికాలోని మెన్నొనైట్లు 1920లో ఏర్పాటు చేసుకున్న సెంట్రల్ కమిటీ 1922లో గంజికేంద్రాలు తెరిచే నాటికి తల్లులు పిల్లలకు పెట్టడానికి గడ్డిగాదం కూడా వెతుక్కున్నారు. ఒకప్పుడు పనిపిల్లలను పెట్టుకున్న ఇళ్లవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు.

1923 నుంచి 1930 దాకా 20,000 మందికి పైగా కెనడా చేరారు. చాలామంది చేతిలో చార్జీ డబ్బు లేదు. కెనడియన్ పసిఫిక్ రైల్వే అరువు మీద తీసుకొచ్చింది. కెనడాలోని రోస్‌థర్న్ ఊరి సంఘ పెద్ద డేవిడ్ తేవ్స్ ఆ అప్పుకు పూచీ పడ్డారు. దారిలో కంటి పరీక్ష పెద్ద గండం. ట్రకోమా అనే కంటిజబ్బు ఉంటే కెనడా రానివ్వదు. జబ్బు బయటపడ్డవాళ్లను ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ దగ్గరి అట్లాంటిక్ పార్క్‌లో, జర్మనీలో లెక్‌ఫెల్డ్‌లో ఆపేశారు. నలుగురు పిల్లల్లో ఒకరి కన్ను ఎర్రగా ఉంటే తల్లి ఏం చేయాలి? ముగ్గురితో ముందుకు వెళ్లాలా, ఒకరి కోసం అందరూ ఆగాలా? నెలల తరబడి, కొందరి విషయంలో ఏడాదికి పైగా, ఒక బిడ్డ సముద్రానికి అవతల ఉండిపోయిన ఇళ్లు ఉన్నాయి. ఒప్పంద పత్రాల్లో అది వైద్య నిబంధన మాత్రమే.

వచ్చాక ఇంకో లెక్క మొదలైంది, ప్రయాణపు అప్పు. కొందరు మెక్సికో వెళ్లినవాళ్లు వదిలిన పొలాలు అరువు మీద కొన్నారు, కొందరు అల్బర్టాలో చక్కెర దుంప చేలలో వంగి పనిచేశారు. దుంపమొక్కలు పలుచన చేసే పనికి తల్లులు, చిన్నపిల్లలు సహా అందరూ దిగాలి. ఆపైన 1930ల మాంద్యం, దుమ్ము తుపానులు. పొలం మీద రూకలు పుట్టని రోజుల్లో ఆ ఇళ్లకు నికరంగా డబ్బు పంపినవాళ్లు పెళ్లికాని కూతుళ్లు. పదహారు, పదిహేడేళ్ల పిల్లలు విన్నిపెగ్, సస్కటూన్, వాంకూవర్ నగరాల్లో ఇంగ్లిషు దొరల ఇళ్లలో పనికి కుదిరారు. భాష రాదు, విద్యుత్ పొయ్యి ఎరగరు. రష్యాలో తమ ఇళ్లలో యుక్రేనియన్ అమ్మాయిలు చేసిన పనే వీళ్లు ఇప్పుడు ఇంకొకరి ఇంట్లో చేశారు.

వాళ్లు దారి తప్పుతారేమోనని సంఘం ఆ నగరాల్లో అమ్మాయిల వసతి గృహాలు నడిపింది. విన్నిపెగ్‌లో ఎబెనెజర్, మేరీ-మార్తా గృహాలు అలాంటివే. గురువారం మధ్యాహ్నం పనివాళ్లకు సెలవు. ఆ పూట అందరూ అక్కడ చేరి, సొంత యాసలో మాట్లాడుకుని, పాటలు పాడుకుని, ఇంటికి ఉత్తరాలు రాసుకునేవారు. ఉత్తరంతో పాటు జీతం వెళ్లేది. అటువైపు, ప్రైరీ గడ్డినేలల్లో పోస్టాఫీసు నుంచి వచ్చిన కవరు విప్పిన తల్లి మనసులో ఏముండేదో ఏ పద్దులోనూ లేదు. ఆ డాలర్లతో చిన్నవాడికి బూట్లు వస్తాయి, అప్పులో ఒక వాయిదా తీరుతుంది. పంపిన పిల్ల ఏ వయసులో ఉందో, ఎవరింట్లో ఎలా ఉందో ఆమెకు తెలియదు. ప్రయాణపు అప్పు చివరి డాలరు 1946లో తీరింది. సంఘ చరిత్రల్లో అది డేవిడ్ తేవ్స్ పట్టుదలకు గుర్తుగా నిలిచింది. ఆ పట్టుదల నిజమే. గురువారాల్లో కవర్లు అంటించిన పిల్లల పేర్లు కూడా దాని పక్కనే రాయాల్సింది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత వచ్చినవాళ్లలో చాలా కుటుంబాలకు మగదిక్కే లేదు. స్టాలిన్ కాలపు 1937-38 అరెస్టుల్లో భర్తలు మాయమయ్యారు. 1943లో వెనుదిరిగిన జర్మన్ సైన్యం వెంట సుమారు 35,000 మంది పడమరకు బయల్దేరితే, ఎక్కువమందిని సోవియట్ సేనలు పట్టుకుని వెనక్కి, సైబీరియా, మధ్య ఆసియా వైపు పంపాయి. మిగిలినవాళ్లు కెనడాకు, పరాగ్వేకు చేరారు. పరాగ్వే చాకో అడవుల్లో 1947లో వెలిసిన నోయ్‌లాండ్ వలసలో చెట్లు కొట్టడం, బావులు తవ్వడం, ఇళ్లు కట్టడం చాలావరకు ఆడవాళ్లే చేశారు. అంత చేసినా వాళ్లు సంఘానికి ఒక సమస్యగానే కనిపించారు. మాయమైన భర్త బతికున్నాడో లేదో తెలియని మనిషి మళ్లీ పెళ్లాడవచ్చా? ఆ ప్రశ్న మీద చర్చించి తీర్పు చెప్పింది మగవాళ్ల సభే.

ఈ రైతు ఇళ్ల కథకు తెలుగు నేలతో నేరుగా సంబంధం ఉంది. దక్షిణ రష్యాలోని ఆ మెన్నొనైట్ వలసల నుంచే అబ్రహాం ఫ్రీసెన్, ఆయన భార్య మరియ నిజాం రాజ్యానికి వచ్చి 1890 నాటికి నల్లగొండలో మిషన్ పని మొదలుపెట్టారు. 1899 నుంచి అమెరికాలోని మెన్నొనైట్ బ్రదరన్ సంఘం సొంతంగా మనుషులను పంపింది. దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి, మహబూబ్‌నగర్, గద్వాల ప్రాంతాల్లో ఇవాళ ఎం.బి. చర్చి అంటే తెలియని ఊరు తక్కువ. ఆ బళ్లకు, ఆసుపత్రులకు వచ్చిన డబ్బులో ఒక పాయ కాన్సస్, మిన్నెసోటా పల్లెల్లోని కుట్టు సమాజాలది. పగలంతా ఆవుల దగ్గర, పెరట్లో గడిపిన ఆడవాళ్లు శీతాకాలం మధ్యాహ్నాల్లో చేరి బొంతలు, పిల్లల గౌన్లు, ఏప్రాన్లు కుట్టి వేలంలో అమ్మి మిషన్లకు పంపేవారు. సంఘ సభలో ఓటు లేని వాళ్లు తమ డబ్బు ఎటు పోవాలో అక్కడ మాత్రం తామే తేల్చుకున్నారు.

అలాంటి ఇంటి నుంచే ఒక ఆడపిల్ల శంషాబాద్ వచ్చింది. 1870లో దక్షిణ రష్యాలో పుట్టి, చిన్నతనంలోనే తల్లిదండ్రులతో కాన్సస్ చేరిన కత్రీనా షెలెన్‌బర్గ్ పెళ్లి చేసుకోలేదు, డాక్టరయింది. 1907లో హైదరాబాద్ రాజ్యానికి వచ్చి, 1945లో చనిపోయేదాకా ఇక్కడే వైద్యం చేసింది. కాన్సస్‌లోని ఆమె సంఘం బోధపీఠం ఎక్కనివ్వని ఆడమనిషి శంషాబాద్‌లో ఒక ఆసుపత్రి నడిపింది. మగ డాక్టరు ముందుకు రాలేని పరదా ఇళ్ల ఆడవాళ్లకు ఆమె చేయి అందింది. ఆమె ఇక్కడ పురుడు పోసిన తల్లుల కష్టం ఆమెకు కొత్త కాదు, పది కాన్పుల ఇళ్ల మధ్య పెరిగిన మనిషి.

ఉత్తర అమెరికా చేరిన ఈ మెన్నొనైట్లలో చాలామంది పిల్లల పేరు మధ్యలో తల్లి పుట్టింటి పేరు పెట్టేవారు. పెళ్లితో పోయిన ఇంటిపేరు బిడ్డ పేరులో ఇలా మళ్లీ కనిపిస్తుంది. శంషాబాద్ డాక్టరమ్మ పూర్తి పేరు కత్రీనా లోరెంజ్ షెలెన్‌బర్గ్. షెలెన్‌బర్గ్ తండ్రిది, ఆయన కాన్సస్‌లో పేరున్న సంఘ పెద్ద. లోరెంజ్ అమ్మ పుట్టింటి పేరు.